అంతరించిన జాతి తిరిగి రావాలంటే బతికున్న కణం ఉండాలి

2003 జులై 30న స్పెయిన్‌లోని ఆరగాన్ ప్రాంతంలో పశువైద్యులు ఒక సంకర మేకకు సిజేరియన్ చేసి ఆడపిల్లను బయటికి తీశారు. పైకి చూస్తే ఏ అవకరమూ లేదు. ఊపిరి మాత్రం అందలేదు. కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోయింది. కోసి చూస్తే, ఎడమ ఊపిరితిత్తికి అదనంగా ఒక తమ్మె పెరిగి, కాలేయం ముక్కలా గట్టిపడి, ఛాతీలో చోటంతా ఆక్రమించి ఉంది.

ఆ పిల్ల బుకార్డో. పైరినీస్ కొండల్లో తిరిగిన అడవిమేక ఉపజాతి అది. ఆ జాతిలో చివరిది సీలియా అనే ఆడమేక. 2000 జనవరి 6న ఒర్డేసా జాతీయ పార్కులో కూలిన చెట్టు కింద దాని కళేబరం దొరికింది. అంటే బుకార్డో 2000లో ఒకసారి, 2003లో మరోసారి అంతరించిపోయింది. అంతరించిన జంతువు క్లోనింగ్ ద్వారా పుట్టిందని నిక్కచ్చిగా చెప్పుకోదగ్గ ఉదాహరణ ఇప్పటికీ ఆ కొద్ది నిమిషాల పిల్ల ఒక్కటే.

ఈ సంగతి చెప్పుకునేటప్పుడు అందరి దృష్టీ ఆ ఊపిరితిత్తి మీదే నిలుస్తుంది. కానీ అసలు కథ 1999లో ఉంది. సీలియా బతికుండగానే దాన్ని పట్టుకుని, చెవి నుంచి కొంచెం చర్మం తీసి, కణాలు పెంచి, ద్రవ నత్రజనిలో దాచారు. ఆ పని జరక్కపోతే 2003 ప్రయోగమే లేదు. మంచుయుగపు ఏనుగు మామత్ వస్తుందా, ఎగరలేని డోడో పక్షి వస్తుందా అని మనం ఏళ్ల తరబడి వాదించుకుంటున్నాం. ఆ వాదనలో ఈ చెవి ముక్క ప్రస్తావన రాదు. క్లోనింగ్‌తో ఏ జాతికైనా మేలు జరగాలంటే, ఆ జాతి బతికుండగా ఎవరో ఒకరు అలాంటి ముక్క తీసి దాచి ఉండాలి. మన దగ్గర ఆ పని జరుగుతున్న వేగం చాలదు. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది అదే.

ల్యాబ్‌లో జరిగేది ఏమిటి?

క్లోనింగ్ అంటే డీఎన్ఏ నుంచి జంతువును తయారు చేయడం అనే అపోహ గట్టిగా పాతుకుపోయింది. డీఎన్ఏ నుంచి జంతువును తయారు చేయడం ఇంతవరకూ ఎవరికీ చేతకాలేదు. క్లోనింగ్‌కు కావలసింది క్రోమోజోములన్నీ చెక్కుచెదరకుండా ఉన్న కేంద్రకం. ఆచరణలో చెప్పాలంటే బతికున్న కణం.

ముందుగా చర్మం. చెవి అంచు నుంచి పప్పుగింజంత ముక్క చాలు. దాన్ని ఒక మిల్లీమీటరు తునకలుగా తరిగి గాజు పాత్ర అడుగున అంటించి, పోషక ద్రావణం పోసి, 37 డిగ్రీల వేడిమి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండే ఇన్‌క్యుబేటర్‌లో పెడతారు. వారం, రెండు వారాల్లో తునకల అంచుల నుంచి ఫైబ్రోబ్లాస్టులనే పొడుగాటి కణాలు పాక్కుంటూ బయటికొస్తాయి. పాత్ర నిండాక వాటిని విడదీసి వేరే పాత్రల్లోకి మారుస్తారు. తర్వాత ఒక్కో చిన్న గొట్టంలో సుమారు 10 లక్షల కణాల చొప్పున పోసి, 10 శాతం డైమిథైల్ సల్ఫాక్సైడ్ కలిపి, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరుస్తారు. మైనస్ 80కి చేరాక మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోకి దించుతారు. చల్లబరచడంలో తొందరపడితే కణం లోపల మంచు స్ఫటికాలు ఏర్పడి పొరల్ని చీల్చేస్తాయి. మరీ ఆలస్యం చేసినా నష్టమే. బయటి నీరు ముందే గడ్డకట్టి, కణంలోని నీటిని లాగేసి ఎండగడుతుంది. పైగా గది వేడిమిలో ఆ రసాయనమే కణానికి విషం. అందుకే కలిపిన వెంటనే చల్లబరచడం మొదలుపెట్టాలి.

తర్వాత అండం. దగ్గరి బంధువైన జాతి ఆడజంతువుకు హార్మోన్లు ఇచ్చి ఎక్కువ అండాలు విడుదలయ్యేలా చేస్తారు. ఆవులు, గేదెలైతే కబేళా నుంచి తెచ్చిన అండాశయాల్లోంచి అండాలు తీసి, ఒక రోజు పాటు ల్యాబ్‌లో పక్వానికి తెస్తారు. సూక్ష్మదర్శిని కింద సన్నని గాజు సూదితో అండం క్రోమోజోములను పీల్చి తీసేస్తారు. దాచిన చర్మ కణాన్ని అండం పైపొర కింద దూర్చి, క్షణంలో అతి చిన్న వంతు మాత్రమే ఉండే విద్యుత్ ప్రకంపనతో రెండింటినీ కలిపేస్తారు. వీర్యం లేకుండానే ఫలదీకరణ జరిగినట్టు అండాన్ని నమ్మించడానికి రసాయనాలు వాడతారు. విభజన మొదలయ్యాక, రెండు రోజుల్లోనో, వారం తర్వాతో ఆ పిండాన్ని అద్దె తల్లి కడుపులో పెడతారు.

చెప్పుకోవడానికి ఇంతే. లెక్కలు చూస్తేనే కష్టం తెలుస్తుంది. బుకార్డో కోసం మొత్తం 208 పిండాలను 57 అద్దె తల్లుల్లోకి మార్చారు. గర్భం నిలిచింది ఏడింటికి. నెలలు నిండింది ఒక్కదానికి. 1996లో పుట్టిన డాలీ గొర్రెకు ముందు 277 అండాలతో కణాలు కలిపారు. వాటిలో 29 పిండాలు 13 గొర్రెల్లోకి వెళ్లాయి. పుట్టింది ఒకే పిల్ల. చైనాలో క్లోన్ చేసి 2018లో ప్రకటించిన కోతులకు 79 పిండాలు, 21 అద్దె తల్లులు, ఆరు గర్భాలు, రెండు పిల్లలు.

ఇంత నష్టం ఎందుకు? చర్మ కణంలో చర్మానికి పనికొచ్చే జన్యువులు తప్ప చాలావరకు మూతపడి ఉంటాయి. డీఎన్ఏ మీదా, అది చుట్టుకుని ఉన్న ప్రొటీన్ల మీదా ఉండే రసాయన గుర్తులే ఆ తాళాలు. వీర్యం, అండం ఏర్పడేటప్పుడు ఈ గుర్తులను సరిచేసుకోవడానికి ప్రకృతికి చాలా కాలం దొరుకుతుంది. క్లోనింగ్‌లో అండం ఆ పనిని గంటల్లో చేయాలి. కొన్ని తాళాలు తెరుచుకోవు, కొన్ని తప్పుగా తెరుచుకుంటాయి. ఆ తప్పు ముందుగా బయటపడేది మావి దగ్గర. మావి వాచిపోతుంది, రక్తనాళాలు సరిగా అల్లుకోవు, పిల్ల అతిగా పెరుగుతుంది లేదా మధ్యలోనే జారిపోతుంది. పుట్టినవాటిలో కూడా ఊపిరితిత్తుల, గుండె లోపాలు తరచూ కనిపిస్తాయి.

వేరే జాతి అండం, వేరే జాతి గర్భం వాడితే ఇంకో రెండు చిక్కులు కలుస్తాయి. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అండం నుంచే వస్తాయి. వాటికి సొంత డీఎన్ఏ ఉంటుంది. కేంద్రకంలోని జన్యువులూ, మైటోకాండ్రియా జన్యువులూ కలిసి పనిచేసే ప్రొటీన్లను తయారు చేయాలి. రెండు జాతుల మధ్య దూరం పెరిగేకొద్దీ ఆ పొత్తు చెడుతుంది. రెండోది, తల్లి గర్భానికీ పిండానికీ నడిచే రసాయన సంభాషణ. 2001 జనవరి 8న అమెరికాలో ఆవు కడుపున అడవిదున్న క్లోన్ పుట్టింది. నోవా అని పేరు పెట్టారు. మన పాపికొండల్లో తిరిగే అడవిదున్నల జాతే. 692 అండాలతో మొదలుపెడితే ఆ ఒక్కటి దక్కింది. రెండు రోజుల్లో విరేచనాలతో చనిపోయింది.

మంచులో దొరికితే చాలదు

సైబీరియా మంచులో మామత్ కళేబరాలు దొరుకుతాయి కదా, వాటి కణాలు వాడొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. ప్రయత్నం జరిగింది. యూకా అనే 28 వేల ఏళ్ల నాటి మామత్ కణజాలం నుంచి కేంద్రకాల్లాంటి నిర్మాణాలను తీసి జపాన్ శాస్త్రవేత్తలు ఎలుక అండాల్లో పెట్టారు. 2019లో ఫలితం ప్రకటించారు. విభజనకు ముందు ఏర్పడే కండె లాంటి నిర్మాణం కొన్ని అండాల్లో రూపు కట్టింది. అక్కడితో ఆగిపోయింది. ఒక్క అండమూ విభజన చెందలేదు.

ఒక మినహాయింపు చెప్పుకోవాలి. మైనస్ 20 డిగ్రీల్లో 16 ఏళ్లు గడ్డకట్టి ఉన్న ఎలుకల కళేబరాల నుంచి జపాన్‌లోనే 2008లో క్లోన్లు పుట్టించారు. ఆ కణాలు చచ్చిపోయినవే. అయినా కేంద్రకాలు ఇంకా చెదరలేదు. పైగా ఎలుక అండాలకు, ఎలుక తల్లులకు కొదవ లేదు కాబట్టి మళ్లీ మళ్లీ ప్రయత్నించగలిగారు. 16 ఏళ్లకూ 28 వేల ఏళ్లకూ ఉన్న దూరం ఇందులో కనిపిస్తుంది. జీవి చనిపోయిన క్షణం నుంచి డీఎన్ఏ తెగడం మొదలవుతుంది. న్యూజిలాండ్‌లోని మోవా పక్షుల ఎముకల మీద 2012లో వెలువడిన అధ్యయనం ప్రకారం, సుమారు 13 డిగ్రీల వాతావరణంలో డీఎన్ఏ ముక్క సగానికి సగం నశించడానికి పట్టేది 521 ఏళ్లు. శాశ్వత మంచులో ఈ వేగం బాగా తగ్గుతుంది. పది లక్షల ఏళ్లు దాటిన మామత్ పళ్ల నుంచి కూడా డీఎన్ఏ చదివారు. కానీ చదివినవన్నీ పొట్టి ముక్కలే. 6.6 కోట్ల ఏళ్ల నాటి డైనోసార్ల నుంచి అదీ దొరకదు.

చదవగలిగినా అన్నీ చదవలేం. క్రిస్మస్ దీవి ఎలుక సుమారు 1908 నాటికి అంతరించింది. నమూనాలు బాగా భద్రంగా ఉన్నాయి, దగ్గరి బంధువైన గోధుమ ఎలుక జన్యుపటం సంపూర్ణంగా ఉంది. ఇంతకన్నా అనుకూలమైన జంతువు దొరకదు. అయినా 2022లో చేసిన పరిశీలనలో దాదాపు 5 శాతం జన్యుపటం పూడ్చలేని ఖాళీగా మిగిలింది. ఆ ఖాళీలు యాదృచ్ఛికంగా చెల్లాచెదురుగా లేవు. వాసన పసిగట్టడానికీ, రోగాన్ని ఎదుర్కోవడానికీ సంబంధించిన జన్యువుల్లో గుమిగూడాయి. రెండు జాతులు విడిపోయాక వేగంగా మారేవి అవే కాబట్టి, బంధువు పటం మీద ఆ ముక్కలు అతకవు. అంటే ఏ జన్యువులు ఆ జంతువును ఆ జంతువుగా నిలిపాయో, సరిగ్గా అవే చేజారుతున్నాయి.

ఇలాంటి చోట క్లోనింగ్ ఒంటరిగా పనికిరాదు. బంధువు కణంలో జన్యువులను కత్తిరించి మార్చి, ఆ మార్చిన కణాన్ని క్లోన్ చేయాలి. 2025 ఏప్రిల్‌లో అమెరికా కంపెనీ కొలోసల్ బయోసైన్సెస్ ప్రకటించిన డైర్ వుల్ఫ్ (వేల ఏళ్ల కిందట అంతరించిన, తోడేలు లాంటి జంతువు) పిల్లలు ఇలా పుట్టినవే. రోములస్, రీమస్ 2024 అక్టోబరులోనూ ఖలీసీ 2025 జనవరిలోనూ పుట్టాయి. ఓహాయోలో దొరికిన 13 వేల ఏళ్ల పన్ను, ఐడహోలో దొరికిన 72 వేల ఏళ్ల పుర్రె నుంచి జన్యుపటం కట్టారు. గ్రే వుల్ఫ్, అంటే నేటి తోడేలు రక్తకణాల్లో 14 జన్యువుల్లో 20 మార్పులు చేశారు. ఆ కణాల కేంద్రకాలను కుక్క అండాల్లో పెట్టి, వేటకుక్కల కడుపున పెంచారు.

ఒక్కసారిగా అన్నిచోట్లా 20 మార్పులు చేసి, ఆ కణం నుంచి ఆరోగ్యమైన పిల్లలు పుట్టించడం గొప్ప పనితనమే. దాన్ని తక్కువ చేయడం సబబు కాదు. కానీ లెక్క చూడండి. రెండు జాతుల జన్యుపటాలు 99.5 శాతం ఒకటేనని ఆ కంపెనీయే చెప్పింది. తోడేలు జన్యుపటంలో సుమారు 240 కోట్ల అక్షరాలుంటాయి. అందులో అర శాతం అంటే కోటీ 20 లక్షల తేడాలు. మార్చింది 20. ప్రపంచ పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్‌లో తోడేళ్లు, కుక్కల జాతుల నిపుణుల బృందం ఇవి డైర్ వుల్ఫ్‌లు కావని చెప్పింది. తెల్లటి బొచ్చు, పెద్ద శరీరం ఉన్న తోడేళ్లను చూపించి అంతరించిన జాతి తిరిగొచ్చిందని చెప్పడం వల్ల ఒక కీడు జరుగుతుంది. జాతి అంతరించినా పర్వాలేదు, తర్వాత తెచ్చుకోవచ్చు అన్న భావన పాలకుల దగ్గరికి తేలిగ్గా చేరుతుంది. అడవి భూమిని వేరే అవసరాలకు మళ్లించే ఫైలు మీద సంతకం పెట్టే చేతికి అంతకన్నా ఊరట ఏముంటుంది?

మామత్ విషయంలో ఇంకా బరువైన ప్రశ్న ఉంది. ఆసియా ఏనుగుకూ మామత్‌కూ మధ్య సుమారు 14 లక్షల అక్షరాల తేడాలు లెక్కతేలాయి. ఆ తేడాల్లో కొన్నింటిని మార్చిన పిండం తయారైనా, మోయాల్సింది 22 నెలల గర్భం. నూటికి ఒకటి రెండు నిలిచే ప్రక్రియలో ఎన్ని ఆడ ఏనుగులు కావాలి? నాలుగైదేళ్లకు ఒక పిల్లను కనే, తానే అంతరించే ప్రమాదంలో ఉన్న ఆసియా ఏనుగు కడుపును ఇందుకు వాడటం తప్పు. కృత్రిమ గర్భాశయం వస్తే సంగతి వేరు. ఏనుగును మోయగల అలాంటి యంత్రం ఇప్పుడు లేదు.

కలివికోడికి ఈ దారి లేదు

పక్షుల సంగతి మరీ జటిలం. పక్షి అండం అంటే మనం చూసే పచ్చసొన అంతా కలిపి ఒకే కణం. దాని కేంద్రకం సొన మీద చిన్న తెల్లచుక్కలో దాగి ఉంటుంది. దాన్ని తీసి మరో కేంద్రకం పెట్టడం ఇంతవరకూ సాధ్యం కాలేదు. ఫలదీకరణ జరిగాక గుడ్డు గర్భనాళంలో దిగుతూ తెల్లసొన, పెంకు చుట్టుకుంటుంది. పెట్టే నాటికే పిండంలో వేల కణాలుంటాయి. అందుకే ఇప్పటివరకు ఒక్క పక్షినీ డాలీ పద్ధతిలో క్లోన్ చేయలేదు. డోడో, ప్యాసింజర్ పావురం కోసం పనిచేస్తున్నవాళ్లు వేరే దారి పట్టారు. భవిష్యత్తులో వీర్యంగా, అండంగా మారే ఆదిమ కణాలను పిండం రక్తంలోంచి తీసి, జన్యువులు మార్చి, మరో పక్షి పిండంలో ఎక్కించే పద్ధతి అది. కోళ్లలో బాగా కుదిరింది. మిగతా జాతుల్లో ఆ కణాలను ల్యాబ్‌లో పెంచడమే పెద్ద అవరోధం.

ఇది మనకు దూరపు సంగతి కాదు. కడప జిల్లా లంకమల పొదల్లో ఉండే కలివికోడిని 1848లో బ్రిటిష్ పక్షిశాస్త్రజ్ఞుడు జెర్డాన్ తొలిసారి నమోదు చేశాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడి చేతికి దొరకడంతో మళ్లీ వెలుగులోకి వచ్చింది. రాత్రిపూట తిరిగే ఆ పిట్టకు పొద పొదకూ మధ్య ఖాళీ నేల కావాలి. పొదలు మరీ చిక్కబడినా, నరికి చదును చేసినా అది ఉండదు. తెలుగుగంగ కాలువ దాని నివాసం మీదుగా వెళ్లబోతే దారి మళ్లించాల్సి వచ్చింది. మంద మేత తగినంత ఉండాలి, ఎక్కువ కాకూడదు. ఇలాంటి సున్నితమైన లెక్కతో బతికే జీవిని ఏ ఫ్రీజరూ కాపాడలేదు. పోతే మళ్లీ తెచ్చే పద్ధతి ఏదీ లేదు. నివాసం కాపాడటం ఒక్కటే దారి.

బట్టమేక పిట్టకు ఇంకొంచెం వెసులుబాటుంది. ఒకప్పుడు కర్నూలు రోళ్లపాడు గడ్డినేలల్లో తిరిగిన ఈ పక్షి ఇప్పుడు అక్కడ లేదు. రాజస్థాన్ జైసల్మేర్ కేంద్రాల్లో పట్టి పెంచుతున్నారు. 2024 అక్టోబరులో అక్కడ కృత్రిమ గర్భధారణతో తొలి పిల్ల పుట్టింది. ఒక కేంద్రంలోని మగపక్షి వీర్యాన్ని మరో కేంద్రానికి తరలించి ఈ పని సాధించారు. క్లోనింగ్ అంత సంచలనం కాకపోవచ్చు. ఉపయోగం మాత్రం ఎక్కువ.

హైదరాబాద్ అడిగిన కణాలు

2000 దశకం తొలి సంవత్సరాల్లో హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, అప్పటి డైరెక్టర్ లాల్జీ సింగ్ నేతృత్వంలో చీతా క్లోనింగ్ ప్రతిపాదన పెట్టింది. మన దేశంలో చివరి మూడు చీతాలను నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానం రాజు 1947లో కాల్చి చంపాడన్నది చరిత్ర. 1952లో అంతరించినట్టు ప్రకటించారు. ఆసియా చీతా మిగిలింది ఇరాన్‌లోనే. ఒక జంటనైనా ఇవ్వండి, కుదరకపోతే కణాలైనా తీసుకోనివ్వండి అని భారత్ అడిగింది. ఇరాన్ రెంటికీ ఒప్పుకోలేదు.

ఇచ్చి ఉంటే ఏమయ్యేది? నిజాయితీగా చెప్పాలంటే విజయావకాశం తక్కువ. చీతా అండాలు దొరకవు కాబట్టి చిరుత అండాలు, చిరుత గర్భం వాడాలనుకున్నారు. చీతా, చిరుత దగ్గరి బంధువులు కావు. చీతాకు ప్యూమా దగ్గర. గర్భకాలం దాదాపు సమానమే, 90 రోజులకు కాస్త అటూ ఇటూ. కానీ మైటోకాండ్రియా పొత్తు, మావి అల్లిక కుదరడం అనుమానమే. పులి కుటుంబంలో వేరే జాతి కడుపున క్లోన్ పుట్టిన సందర్భాలు ఆఫ్రికా అడవిపిల్లి, ఇసుక పిల్లి లాంటి చిన్నవాటికే పరిమితం. వాటికి అద్దె తల్లి ఇంటిపిల్లి, అంటే చాలా దగ్గరి చుట్టం. చివరికి మనం 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి 12 ఆఫ్రికా చీతాలను తెచ్చి కూనోలో వదిలాం. అవి వేరే ఉపజాతి.

అయితే కణాలు ఇవ్వకపోవడం నష్టమే. అప్పుడు నమూనాలు హైదరాబాద్‌లో చేరి ఉంటే, క్లోనింగ్ కుదరకపోయినా ఇరవయ్యేళ్లు నత్రజనిలో నిలిచేవి. ఇరాన్‌లో ఆ జాతి నానాటికీ కుంచించుకుపోతోంది. పోయినదాన్ని రేపు కొలవడానికైనా అవి ఆధారమయ్యేవి.

ఈ మాట గాల్లో అంటున్నది కాదు. అమెరికాలో నల్లకాళ్ల ఫెర్రెట్ ఉదాహరణ చూడాలి. ముంగిసలా కనిపించే ఈ చిన్న జంతువు అంతరించిందనుకున్నాక, 1981లో వయోమింగ్‌లో కొన్ని బయటపడ్డాయి. చివరికి మిగిలిన 18ని పట్టి పెంచితే, సంతతి నిలిచింది ఏడింటికే. నేడున్న ఫెర్రెట్లన్నీ ఆ ఏడింటి వారసులే, అంటే ఒకదానికొకటి దగ్గరి చుట్టాలు. 1988లో విల్లా అనే ఆడ ఫెర్రెట్ చనిపోయినప్పుడు దాని కణజాలం శాన్ డియేగో జూలో జంతు కణాలను గడ్డకట్టించి దాచే ఫ్రోజెన్ జూకు పంపారు. విల్లా సంతతి ఎక్కడా మిగల్లేదు. 2020 డిసెంబరు 10న ఆ కణాల నుంచి ఎలిజబెత్ ఆన్ పుట్టింది, పెంపుడు ఫెర్రెట్ కడుపున. ఆమెకు గర్భసంచి సమస్య రావడంతో పిల్లలు కలగలేదు. 2023లో అవే కణాలతో మరో రెండు పుట్టించారు. వాటిలో ఆంటోనియా 2024లో ఈనింది. పుట్టిన మూడు పిల్లల్లో రెండు బతికాయి. 30 ఏళ్లకు పైగా నత్రజనిలో ఉన్న ఎనిమిదో వంశం మళ్లీ జాతిలో కలిసింది. మైటోకాండ్రియా పెంపుడు ఫెర్రెట్‌వే కాబట్టి, అవి జాతిలోకి పాకకుండా మగ సంతతి ద్వారానే వంశాన్ని ముందుకు తీసుకెళ్లాలి. తండ్రి నుంచి మైటోకాండ్రియా పిల్లలకు రావు. ఈ చిన్న కిటుకుతో మిశ్రమ వారసత్వం తొలగిపోతుంది.

బుకార్డోకు ఈ అవకాశమే లేదు. సీలియా ఒక్కతే, అదీ ఆడది. వంద క్లోన్లు పుట్టినా అన్నీ ఆడవే, అన్నీ కవలలే. ఎన్ని జంతువుల కణాలు దాచామన్నది అందుకే ముఖ్యం. సంబంధం లేని 25 జంతువుల నమూనాలుంటే ఆ జనాభా జన్యు వైవిధ్యంలో సుమారు 98 శాతం గుప్పిట్లో ఉన్నట్టే.

పోస్టుమార్టం బల్ల దగ్గర

మన దేశానికి క్లోనింగ్ నైపుణ్యం కొత్త కాదు. కర్నాల్‌లోని జాతీయ డెయిరీ పరిశోధన సంస్థ 2009లో గేదెను క్లోన్ చేసింది. మొదటి దూడ కొద్ది రోజులకే చనిపోయింది. 2010లో పుట్టిన గరిమ-2 పెరిగి, 2013లో తనూ ఈనింది. ఖరీదైన సూక్ష్మ సూదుల యంత్రం లేకుండా, అండం పైపొరను ఎంజైముతో కరిగించి, కేంద్రకం ఉన్న భాగాన్ని చిన్న బ్లేడుతో చేత్తోనే కోసే పద్ధతి వాళ్లది. ఛత్తీస్‌గఢ్ అడవి గేదె మీద కూడా ఇక్కడ ప్రయత్నం జరిగింది. హైదరాబాద్ అత్తాపూర్‌లోని లాకోన్స్ అంతరించే జాతుల కోసమే పెట్టిన సీసీఎంబీ విభాగం. 2006లో కృత్రిమ గర్భధారణతో చుక్కల జింక పిల్లను పుట్టించింది. నెహ్రూ జూతో కలిసి మూషిక జింకలను పెంచి, నల్లమల అమ్రాబాద్‌లో వదిలే దాకా తీసుకెళ్లింది. వన్యప్రాణి జన్యు నిధి కూడా అక్కడే ఉంది. డార్జిలింగ్ జూ సీసీఎంబీతో కలిసి సొంత జీవనిధి మొదలుపెట్టింది. నైపుణ్యం ఉంది, సంస్థ ఉంది. లోటు ఉన్నది అడవి నుంచి ల్యాబ్‌కు నమూనా వచ్చే దారిలో.

అడవిలో పెద్ద జంతువు చనిపోతే పశువైద్యుడు వస్తాడు, పోస్టుమార్టం చేస్తాడు, నమూనాలు తీస్తాడు. విషప్రయోగం తేల్చడానికి పేగులు, కాలేయం ముక్కలు గాఢమైన ఉప్పునీటిలో వేస్తారు. రోగం తేల్చడానికి ఫార్మలిన్‌లో వేస్తారు. డీఎన్ఏ కోసం ఆల్కహాల్‌లో వేస్తారు. ఈ మూడూ అవసరమే. కానీ మూడూ కణాన్ని చంపేస్తాయి. నాలుగో సీసా ఒకటి కావాలి.

ఆ సీసాలో ఉండాల్సింది కణాలు పెంచే పోషక ద్రావణం, బాక్టీరియాకు పెన్సిలిన్-స్ట్రెప్టోమైసిన్, బూజుకు ఆంఫోటెరిసిన్. చెవి అంచున వెంట్రుకలు గొరిగి, యాంటీసెప్టిక్‌తో రుద్ది, 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి ఆరక ముందే కోస్తే ఆ ఆల్కహాలే కణాల ప్రాణం తీస్తుంది. కొత్త బ్లేడుతో సెంటీమీటరు ముక్క కోసి సీసాలో వేయాలి. కడుపు కోయడానికి ముందే ఈ పని జరగాలి. పేగుల్లోని బాక్టీరియా కత్తికి అంటితే ల్యాబ్‌లో కణాలకన్నా ముందు అవే పెరుగుతాయి. సీసాను 4 డిగ్రీల దగ్గర ఉంచి పంపాలి. మంచుగడ్డకు నేరుగా ఆనించినా, ఫ్రీజర్‌లో పెట్టినా పనికిరాదు. చాలాచోట్ల జరిగే పొరపాటు ఇదే. చల్లగా ఉంటే మంచిదని డీప్ ఫ్రీజర్‌లో పెడతారు, రక్షక రసాయనం లేకుండా గడ్డకట్టిన ముక్కలో ఒక్క కణం మిగలదు.

చెవినే ఎందుకు ఎంచుకుంటారంటే, అక్కడ చర్మం పల్చన, కొవ్వు తక్కువ, పేగులకు దూరం కాబట్టి కుళ్లు ఆలస్యంగా చేరుతుంది. లోపలి అవయవాలు పాడైనా చెవి చర్మంలో కణాలు బతికుండే అవకాశం ఉంది. చలికాలంలో ఒకటి రెండు రోజుల వరకూ ఆశ పెట్టుకోవచ్చు. మే నెలలో నల్లమలలో ఆ గడువు గంటల్లోకి దిగుతుంది.

1972 వన్యప్రాణి చట్టం కింద మొదటి షెడ్యూలు జంతువు నుంచి ఏది తీయాలన్నా అనుమతి కావాలి. జంతువు చనిపోయాక దరఖాస్తు పెడితే కాగితం వచ్చే లోపు కళేబరం కుళ్లిపోతుంది. పోస్టుమార్టానికి అధికారం ఉన్న ప్రతి వైద్యుడికీ ఈ నమూనా విషయంలో ముందస్తు శాశ్వత అనుమతి ఇవ్వాలి. జూలలో అయితే ఇది ఇంకా తేలిక. ఏ చికిత్స కోసమో మత్తుమందు ఇచ్చినప్పుడే చెవి ముక్క తీసుకోవచ్చు. అలుగు, తోడేలు, కణుజు, కొండగొర్రె... ఇప్పుడు సంఖ్య బాగానే ఉందనుకునే జంతువుల నుంచి కూడా తీయాలి. వైవిధ్యం ఉన్నప్పుడే దాచుకోవాలి, ఏడు జంతువులు మిగిలాక కాదు.

ఈ డబ్బు అడవి కాపాడటానికి పెట్టొచ్చు కదా అన్న అభ్యంతరానికి బలం ఉంది. మామత్ మీద పెట్టే కోట్ల విషయంలో ఆ అభ్యంతరంతో పూర్తిగా ఏకీభవించాలి. కణాల నిధి ఖర్చు వేరు. నత్రజని ట్యాంకు, దాన్ని నింపే ఏర్పాటు, ఇద్దరు ముగ్గురు శిక్షణ పొందిన మనుషులు. ఆగకుండా సాగాల్సింది మాత్రం ఆ నింపడమే. నత్రజని రోజూ ఆవిరవుతూనే ఉంటుంది. వారం వారం కొలబద్ద ముంచి మట్టం చూడాలి. నిధులు ఆలస్యమై ఒక్కసారి ట్యాంకు ఎండితే, అందులో ఉన్న జంతువులన్నీ ఒకే రోజు పోతాయి. అందుకే ప్రతి నమూనాలో సగం గొట్టాలు వేరే ఊళ్లో, వేరే ట్యాంకులో ఉండాలి.